యారాడ కొండ చాటున, ఒకే నోటితో

విశాఖలో నౌకాదళం ఎందుకు పాతుకుపోయిందో యారాడ కొండే చెబుతుంది. డాల్ఫిన్ నోస్ అంటామే, అదే. దక్షిణం నుంచి వచ్చే అలకు ఆ కొండ అడ్డం. దాని పక్కనుంచి ఇరుకైన ఛానల్ లోపలికి పోతుంది. ఒకప్పటి ఉప్పుటేరు, చిత్తడి నేల తవ్వి 1933లో అక్కడ రేవు తెరిచారు.

స్థావరమంటే జెట్టీ ఒక్కటే కాదు. ఓడకు ఇంధనం, మంచినీళ్లు, ఒడ్డు నుంచి కరెంటు కావాలి. అడుగున పట్టిన నత్తగుల్లలు గీకడానికి డ్రైడాక్ (ఓడను లోపలికి తెచ్చి నీళ్లు తోడేసే గొయ్యి), మందుగుండుకు జనావాసాలకు దూరంగా గిడ్డంగి కావాలి. 1968లో తూర్పు నౌకాదళ కమాండ్, 1971లో సబ్‌మెరైన్ల స్థావరం వీరబాహు వచ్చాయి. ఆ డిసెంబరులోనే పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఈ రేవు బయట మునిగింది. ఎలా మునిగిందన్న వాదన ఇంకా తెగలేదు. కానీ ఒకే నోరున్న రేవుకు ఆ నోటి ముందు మైన్లు, అంటే నీటిలో పేలే మందుపాతరలు, పరిస్తే చాలు, లోపలి ఓడలు బందీలే. మైన్లు ఏరే ఓడలు అందుకే ఇక్కడ అంత అవసరం.

శత్రువు లేని రోజుల్లో ఇసుకతోనే పోరు. నైరుతి అలలు ఇసుకను ఉత్తరానికి తోస్తాయి, అది నోటి దగ్గర ఆగుతుంది. అది నోట్లోకి రాకుండా ఆపడానికే 1930ల్లో జానస్, వెలెడ్‌సన్ అనే రెండు పాత ఓడల్ని అక్కడ ముంచి అడ్డుగోడగా వాడారు. నోటి దగ్గర ఇసుక పేరుకుంటే ఛానల్ పూడుతుంది. అటు ఆర్కే బీచ్‌కు అందాల్సిన ఇసుక అందక తీరం కోసుకుపోతుంది. అందుకని నోటికి దక్షిణాన గొయ్యి తవ్వి, అందులో పడ్డ ఇసుకను డ్రెడ్జర్‌తో (అడుగు తవ్వే ఓడతో) తోడి బీచ్‌కు పంపు చేస్తారు. లోపలివైపు మేహాద్రిగెడ్డ తెచ్చే ఒండ్రు సంగతి వేరే.

హుద్‌హుద్ లాంటి తుఫాను వస్తోందంటే కదలగలిగిన యుద్ధనౌకలు ముందే సముద్రంలోకి వెళ్లిపోవాలి. వినడానికి వింతగా ఉంటుంది గానీ కట్టేసిన ఓడే ఎక్కువ దెబ్బతింటుంది. ఉప్పెనకు నీరు లేస్తే తాళ్లు బిగుసుకుని తెగుతాయి, తెగిన తాడు కొరడాలా తిరిగి మనిషి ప్రాణం తీస్తుంది. నడిసముద్రంలో ముక్కు అలకు ఎదురుపెట్టి నెమ్మదిగా నడుపుకోవచ్చు. కానీ గాలి ముదిరాక ఛానల్ దాటలేరు, పక్కగాలి ఓడను ఒడ్డుకేసి నెట్టేస్తుంది. మరమ్మతుకు ఇంజను విప్పేసిన ఓడకు ఆ దారీ లేదు. దానికి తాళ్లు రెట్టింపు వేసి, జెట్టీకీ ఓడకూ మధ్య ఫెండర్లు (ఒరిపిడి ఆపే మెత్తలు) దించి, నీరు పెరిగేకొద్దీ తాడు వదులుతూ, తగ్గేకొద్దీ లాగుతూ రాత్రంతా మనుషులు కాపలా కాయాల్సిందే.