వ్రాతపని అని అడగాల్సింది

నా పీహెచ్‌డీ శ్రీకాళహస్తి కలంకారీ మీద, అదీ బ్రిటిష్ కాలంలో. తిరుపతిలో అద్దె గదిలో కూర్చుని, పరిశోధన వ్యాసాలు వెతికే గూగుల్ స్కాలర్‌లో ఇంగ్లీషులో ‘కలంకారీ’ అని కొట్టాను. వేలల్లో వచ్చాయి. సగం ఫ్యాషన్ డిజైనింగ్, మిగతాది సహజ రంగులు. ఎన్ని వేలు ఉన్నాయని చెప్పినా అది వెయ్యికి మించి చూడనివ్వదు. రెండు వారాలు వృథా. టెన్షన్ మొదలైంది.

ఓ ఆదివారం కాళహస్తి వెళ్ళాను. బట్ట మీద గీతలు గీస్తున్న పెద్దాయన నా గోడు విని నవ్వాడు. “ఇప్పుడు కలంకారీ అంటుండారు గానీ, మా నాయన దీన్ని వ్రాతపని అనేవాడమ్మా.”

తిరుగు బస్సులోనే నోటుబుక్కులో మూడు గళ్ళు గీశాను: వస్తువు, ఊరు, జిల్లా. వస్తువు కింద దాని పాత పేర్లు: వ్రాతపని, ఇంగ్లీషువాళ్ళ చింట్జ్, పోర్చుగీసుల పింటాడో. ఊరు కింద కాళహస్తికి దొరికినన్ని ఇంగ్లీషు స్పెల్లింగులు. జిల్లా దగ్గర కళ్ళు తెరుచుకున్నాయి. 1911కు ముందు చిత్తూరు జిల్లానే లేదు, కాళహస్తి ఉత్తర ఆర్కాటులో ఉండేది. 2022 నుంచి తిరుపతి జిల్లా. నేనేమో 1880ల సంగతులకు చిత్తూరు అని వెతుకుతున్నా!

ఒక గడిలోని మాటల్లో ఏది ఉన్నా చాలు అనడానికి వాటి మధ్య ‘ఆర్’ (OR) పెట్టాలి, అదీ పెద్దక్షరాల్లో. చిన్నక్షరాల్లో కొట్టి ఒక పూట పోగొట్టుకున్నాను. ‘నార్త్ ఆర్కాట్’ లాంటి జంట మాటలకు కోట్స్ తప్పనిసరి. ఈసారి వచ్చినవి తక్కువే, కానీ పనికొచ్చేవి. ఒక మంచి వ్యాసం దొరికాక దాని ఫుట్‌నోట్లు పట్టుకుని వెనక్కి, దాన్ని ఉదహరించిన తర్వాతి వ్యాసాలు చూపే ‘సైటెడ్ బై’ నొక్కి ముందుకు వెళ్ళాను. మన యూనివర్సిటీల థీసిస్‌లు ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో ఏదైనా థీసిస్ తెరిస్తే ముందు చూసేది చివరి పేజీలే, గ్రంథసూచి కోసం. స్కాన్ చేసిన పాత పుస్తకాల్లో మాత్రం సెర్చ్‌ని నమ్మను. అక్షరాలు చెరిగిపోయి యంత్రం ఏదేదో చదువుతుంది. విషయసూచిక తెరిచి వేలు పెట్టి చూసుకోవడమే.

నిన్న నాలుగో గడి చేర్చాను, రంగులకి. ఎరుపుకి వాడిన చిరువేరుని ఇంగ్లీషువాళ్ళు ‘చే’ అనీ ‘చాయా’ అనీ రాశారు. అలాగే కొడితే మొదటి పేజీ నిండా టీ మీద పరిశోధనలే. పక్కన ‘ఓల్డెన్‌లాండియా’ అని మొక్క శాస్త్రీయ నామం చేర్చాక టీ పోయింది, వేరు మిగిలింది.