‘ప్రతి’, ‘ఏదో ఒక’: నా ప్రాజెక్టు నివేదిక తిరగరాసిన అనుభవం

మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, ఆ తరువాత లెక్కలన్నీ ఇంగ్లీషులోనే నేర్చుకొని, బరంపురంలో ఎమ్మెస్సీ చదువుతూ ప్రమేయాల (ఫంక్షన్ల) అనుక్రమాల (సీక్వెన్సుల) మీద ప్రాజెక్టు నివేదిక రాశాను. గైడు గారు దిద్ది ఇచ్చిన మొదటి ప్రతిలో గుణకార భాగహారాల తప్పు ఒక్కటీ లేదు. ఎర్ర సిరా అంతా మాటల మీదా, అక్షరాల మీదా ఉంది.

అక్షరాల సంగతి త్వరగానే తేలింది. ఒకే పుటలో ఎన్ అనే అక్షరాన్ని అనుక్రమంలో పద సంఖ్యగానూ, బహుపది పరిమాణంగానూ వాడాను. పూర్ణాంకాలకు ఐ, జె, కె, ఎమ్, ఎన్‌లు, చిన్న ధనరాశులకు ఎప్సిలాన్, డెల్టాలు చదువరి కంటికి అలవాటైనవి కనుక ఆ అలవాటును తప్పకూడదని, ప్రతి అక్షరాన్నీ వాడే ముందే అది ఏ సమితికి చెందినదో చెప్పాలని గైడు గారు అంచులో రాశారు. తెలియని రాశులకు ఎక్స్, వై, జెడ్‌లను వాడే పద్ధతి 1637లో ఫ్రెంచి గణితవేత్త డెకార్ట్ రచనతో స్థిరపడింది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే మన భాస్కరాచార్యుడు తెలియని రాశులకు యావత్తావత్తు, కాలకం, నీలకం, పీతకం అనే పేర్లు వాడి, యా, కా, నీ, పీ అని పొడి అక్షరాలతో సమీకరణాలు రాశాడని తెలిసినప్పుడు నాకెంతో సంతోషం కలిగింది.

అసలు కష్టం ‘ఎనీ’ అనే మాటతో వచ్చింది. ఒక అనుక్రమం సున్నాకు ఏకరూపంగా అభిసరిస్తుందని, అంటే ఎక్స్ ఏదైనా దాని పదాలన్నీ ఒకే స్థానం నుంచి సున్నాకు కావలసినంత దగ్గరగా ఉంటాయని చెబుతూ, ఇచ్చిన ఎప్సిలాన్‌కు తగిన కె (ఏ పదం నుంచి సున్నాకు దూరం ఎప్సిలాన్ కన్నా తక్కువో ఆ పద సంఖ్య) ఉంటుందని రాసి, ‘ఫర్ ఎనీ ఎక్స్’ అన్న మాటను వాక్యం చివర తగిలించాను. దాని కింద రెండు గీతలు ఉన్నాయి. కారణం నాకు అర్థం కాలేదు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, మా వీధిలో ఉండే, బడిలో నాకు లెక్కలు చెప్పిన మాస్టారికి ఆ పుట చూపించాను.

“ముందు దీన్ని తెలుగులో చెప్పమ్మా. ఎనీ అంటే ఇక్కడ ప్రతీనా, ఏదో ఒకటా?” అన్నారు.

“ప్రతి ఎక్స్‌కూ అండి.”

“అయితే కె ముందు వచ్చిందా, ఎక్స్ ముందు వచ్చిందా?”

జవాబు చెప్పలేకపోయాను. ‘ప్రతి ఎక్స్‌కూ ఒక కె ఉంటుంది’ అంటే ఎక్స్ మారితే కె మారవచ్చు. ‘ఒక కె ఉంటుంది, అదే కె ప్రతి ఎక్స్‌కూ సరిపోతుంది’ అంటే మారకూడదు. తెలుగులో ఈ రెండు వాక్యాలూ వేరువేరుగా నిలుస్తాయి. ఇంగ్లీషులో నేను రాసిన వాక్యాన్ని రెండు విధాలుగానూ చదువుకోవచ్చు.

మాస్టారు సున్నాకూ ఒకటికీ నడుమ ఎక్స్‌ను తీసుకొని, దాని ఎన్‌వ ఘాతం (ఎన్ ఎక్స్‌ల లబ్ధం) 0.01 కన్నా తక్కువ కావాలంటే ఎన్ ఎంత ఉండాలో లెక్క కట్టమన్నారు. ఎక్స్ 0.9 అయితే 44 చాలు, 0.99 అయితే 459 కావాలి. ఎక్స్ ఒకటికి దగ్గరవుతున్న కొద్దీ ఆ సంఖ్య అంతులేకుండా పెరుగుతుంది, అన్ని ఎక్స్‌లకూ సరిపోయే కె దొరకదు. నా నిరూపణ మొదటి అర్థంతో మొదలై, మధ్యలో నాకు తెలియకుండానే రెండో అర్థానికి జారిపోయింది. ఫ్రెంచి గణితవేత్త కోషీ అంతటివాడు 1821లో, అవిచ్ఛిన్న (గ్రాఫు ఎక్కడా తెగని) ప్రమేయాలను వరుసగా కూడుతూ పోయే శ్రేణి అభిసరిస్తే మొత్తం కూడా అవిచ్ఛిన్నమేనని రాయగా, 1826లో నార్వే గణితవేత్త ఆబెల్ దానికి మినహాయింపు చూపించాడు. అక్కడ లోపించినది కూడా ఈ ఏకరూపతే.

ఆ రాత్రి నుంచి ప్రతి సిద్ధాంతాన్నీ ముందుగా తెలుగులో రాసుకొని, ‘ప్రతి’, ‘ఏదో ఒక’, ‘అగునట్లు’ (సచ్ దట్) అనే మాటలు వచ్చిన వరుసను బట్టి ఇంగ్లీషు వాక్యాన్ని కట్టాను. ‘ఎనీ’ ఉన్న చోటల్లా ‘ఎవ్రీ’ గాని ‘సమ్’ గాని పెట్టాను. ‘క్లియర్లీ’ అని రాసిన చోట్లన్నీ వెతికి కారణం రాయబోతే, ఒకచోట కారణమే దొరకక ఆ ఉపసిద్ధాంతాన్ని తీసివేశాను. తప్పిన సిద్ధాంతంలో మాత్రం ఎక్స్ సున్నా నుంచి 0.9 వరకే ఉండాలన్న నియమం చేర్చాను. అప్పుడు ఎప్సిలాన్ 0.01 అయితే, ఆ అంతరంలోని ప్రతి ఎక్స్‌కూ 44 సరిపోతుంది.