డిసెంబర్ 16, జర్పాల్

ఈ రోజు విజయ్ దివస్. 1971లో ఇదే తేదీన ఢాకాలో పాకిస్తాన్ సేనలు లొంగిపోయిన సంగతిని పత్రికలు ఏటా గుర్తుచేస్తాయి. నాకు మాత్రం ఈ తేదీ రాగానే పశ్చిమ సరిహద్దున శకర్‌గఢ్ ప్రాంతంలో, బసంతర్ నదికి అవతల, 21 ఏళ్ల వయసులో నేలకొరిగిన సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ మనసులో మెదులుతారు. నీటి సరఫరా కేంద్రంలో నాకన్నా అనుభవజ్ఞులైన వారి షిఫ్టులను చూసుకునే బాధ్యత నా మీద పడినప్పటి నుంచి ఆయన గురించి మరింతగా ఆలోచిస్తున్నాను.

ఆయన 17 పూనా హార్స్ అనే ట్యాంకు రెజిమెంటులో చేరింది ఆ ఏడాది జూన్‌లోనే. అహ్మద్‌నగర్‌లో యువ అధికారుల శిక్షణ పూర్తికాకముందే యుద్ధం ముంచుకురావడంతో రెజిమెంటుకు తిరిగి వెళ్లవలసి వచ్చింది. డిసెంబర్ 15 రాత్రి ఇంజినీర్లు మందుపాతరలను తొలగించే పని సగంలో ఉండగానే, నది దాటిన మన పదాతిదళం మీదికి శత్రు ట్యాంకులు కదులుతున్నాయన్న కబురు రావడంతో, మిగిలిన దారి శుభ్రపడేదాకా ఆగకుండా రెజిమెంటు ముందుకు సాగింది. మర్నాడు అక్కడి జర్పాల్ గ్రామం దగ్గర పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకుల దాడి తీవ్రమై, సహాయం కావాలని పిలుపు అందగానే ఖేత్రపాల్ తన సెంచూరియన్ ట్యాంకుతో అటు వెళ్లారు.

ఆ పోరులో ఆయన ట్యాంకుకు దెబ్బ తగిలి మంటలు లేచాయి, ఆయనా తీవ్రంగా గాయపడ్డారు. ట్యాంకును వదిలి బయటికి రమ్మని రేడియోలో ఆదేశం వచ్చింది. ఫిరంగి ఇంకా పనిచేస్తోందని, తాను వదలనని ఆయన బదులిచ్చారు. పరమవీర చక్ర ప్రశంసాపత్రం ఇక్కడ చెప్పే కారణమే నాకు ముఖ్యం: శత్రువు బాగా దెబ్బతిన్నా తన బాధ్యతలో ఉన్న వైపుకే ఇంకా వస్తున్నాడని, తాను తప్పుకుంటే చొచ్చుకుపోతాడని ఆయన గమనించారు. ఆయన చివరగా కూల్చిన ట్యాంకు వంద మీటర్ల దూరంలోనే ఉంది. ఆ తర్వాత తగిలిన రెండో దెబ్బ ఆయన ప్రాణం తీసింది.

దీన్ని ఆజ్ఞాధిక్కారంగానో, కుర్రతనపు మొండితనంగానో చూసేవారితో నేను ఏకీభవించలేను. రెజిమెంటు అక్కడికి వచ్చిందే నది అవతల చేజిక్కిన నేలను నిలుపుకోవడానికి. ఆ పరమార్థాన్ని మనసుకు పట్టించుకున్న యువకుడు, దూరాన ఉన్న అధికారికి కనబడనిది తన కళ్లకు కనబడుతున్నప్పుడు, దానికి తగ్గట్టు నిర్ణయం తీసుకున్నాడు. అలాంటి నిర్ణయం ఆ క్షణంలో పుట్టేది కాదు. పని ఎందుకోసమో కింది వరకు స్పష్టంగా తెలిసిన దళంలోనే అది సాధ్యమవుతుంది. అయితే ఆ ట్యాంకులో ఆయన ఒంటరిగా లేరన్నది నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది. ఇండియన్ మిలిటరీ అకాడమీలో నేర్పే క్రమంలో దేశం మొదట, తన కింది సైనికులు తర్వాత, తాను చివర. తనను చివర పెట్టుకోవడం వీరుడికి కష్టమైనా సాధ్యమే. మొదటి రెండింటి మధ్య క్షణాల్లో తేల్చుకోవలసి రావడమే నాయకత్వంలో అన్నిటికన్నా బరువైన భాగమని నాకనిపిస్తుంది.

ఈ సాయంత్రం రాత్రి షిఫ్టుకు సూచనలు రాసేటప్పుడు ఏ వాల్వు ఎప్పుడు తిప్పాలో చెప్పి ఊరుకోలేదు. తెల్లవారేసరికి ట్యాంకులో నీటిమట్టం ఎందుకు తగ్గకూడదో, తగ్గితే ముందుగా ఎవరికి నీళ్లు ఆగిపోతాయో మొదటి రెండు వాక్యాల్లోనే రాశాను. కాగితం చదివిన సీనియర్ ఆపరేటర్ కాసేపు ఆలోచించి, అసలు సంగతి అదైతే రెండో పంపును అర్ధరాత్రికి ముందే నడిపించడం మేలని, కరెంటు పోయినా ఇబ్బంది ఉండదని అన్నారు. నాకు తోచని మాట అది. ఆయన ఎదుటే సూచనల్లో చేర్చి, ఇకపై అలాంటి మార్పు అవసరమైతే నన్ను అడగడం కోసం ఆగవద్దని కూడా రాసి సంతకం చేశాను.