శుక్రవారానికి అవ్వదు

మా సాఫ్ట్‌వేర్ టీములో పదకొండు మంది ఉంటే, అందులో ముగ్గురు పాతికేళ్ల లోపు తెలుగు పిల్లలు. రాత్రి పిలుపు వస్తే ఎవరి వంతో రాసి ఉండే ఆన్‌కాల్ జాబితాలో ఆ మూడు పేర్లూ ఒకదాని కింద ఒకటి చూసినవారెవరైనా వీళ్లది ఒకే ఊరు, ఒకే కాలేజీ అనుకుంటారు. న్యూజెర్సీలోని మెట్రోపార్కులో రైలెక్కి, నెవార్కులో పాత్ రైలు మారి, జెర్సీ సిటీలో నది ఒడ్డున ఉన్న ఆఫీసుకు వారానికి మూడు రోజులు వెళ్లి వస్తూ, మనవాళ్లను ముగ్గురిని ఒకచోట చేర్చాను కదా అని నేను లోలోపల కొంత మురిసిపోయిన మాట కూడా నిజం. ఆ ముగ్గురూ మధ్యాహ్నం మూడు వేర్వేరు బల్లల దగ్గర కూర్చుని తింటున్నారని గమనించడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఒకడు ఎడిసన్‌లోనే పుట్టి పెరిగినవాడు. చిన్నప్పుడు వారాంతాల్లో మనబడికి వెళ్లి తెలుగు నేర్చుకున్నాడు కాబట్టి ఓక్ ట్రీ రోడ్డు మీద తెలుగు బోర్డు కనిపిస్తే కూడబలుక్కుని చదువుతాడు. రెండోవాడిది ఖమ్మం. 2021లో ఎమ్మెస్‌కు వచ్చి, 2023 మేలో పట్టా పుచ్చుకుని, చదువు అయ్యాక కొంతకాలం పని చేసుకోనిచ్చే ఓపీటీ మీద మా దగ్గర చేరాడు. మూడో అమ్మాయి విజయవాడలో పుట్టి, 2010లో, తన తొమ్మిదో ఏట, హెచ్1 ఉద్యోగ వీసా మీద వచ్చిన తండ్రి వెంట, కుటుంబానికిచ్చే హెచ్4 మీద వచ్చింది. ఆమె ఇంగ్లిషు వింటే ఎడిసన్ అబ్బాయికి చెల్లెలనిపిస్తుంది. కాగితాలు చూస్తే ఖమ్మం అబ్బాయికి తోబుట్టువనిపిస్తుంది.

ఎడిసన్ అబ్బాయి ఆఫీసులో నన్ను పేరు పెట్టి పిలుస్తాడు, బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడిలో వాళ్లమ్మ పక్కన ఉండగా కనబడితే మాత్రం ‘ఆంటీ’ అంటాడు. ఖమ్మం అబ్బాయికి నా పేరు నోటికి రాదు. ఇక్కడ అందరూ పేర్లతోనే పిలుచుకుంటారని ఎన్నిసార్లు చెప్పినా, తల ఊపి, మళ్లీ ‘మేడం’ అనే మొదలుపెడతాడు.

ఇక్కడ పుట్టినవాళ్లను ఏబీసీడీలని (అమెరికాలో పుట్టి తికమకపడే దేశీలని), కొత్తగా వచ్చినవాళ్లను ఫాబ్‌లని (ఇప్పుడే ఓడ దిగినవాళ్లని) మన పిల్లలు ఒకరినొకరు ఎత్తిపొడుచుకోవడం పాత సంగతే. నేను వచ్చిన 1999లో ఆ మాటలు అప్పటికే అరిగిపోయి ఉన్నాయి. 1965 వలస చట్టం తరవాత వచ్చి స్థిరపడిన డాక్టర్లు, ఇంజనీర్లు, వై2కే (2000లో కంప్యూటర్ల తేదీలు తప్పుతాయన్న భయం) పేరు చెప్పుకుని అమీర్‌పేట నుంచి దిగిన మమ్మల్ని చూసిన చూపు కూడా ఏమంత చల్లగా ఉండేది కాదు. అందువల్ల ఈ పిల్లల మధ్య ఎడం కూడా యాస వల్ల, తిండి వల్ల, చూసే ఆటల వల్ల వచ్చిందేనని, పండక్కి నలుగురినీ ఇంటికి పిలిచి పులిహోర పెడితే పోతుందని నమ్మాను. పిలిచాను, పెట్టాను. ఎడిసన్ అబ్బాయి మా అబ్బాయితో కలిసి బేస్‌మెంటులోకి వెళ్లిపోయాడు, ఖమ్మం అబ్బాయి వంటింట్లో నాకు గిన్నెలు అందించాడు, ఆ అమ్మాయి ఫోను చూసుకుంటూ తొమ్మిదింటి దాకా కూర్చుని వెళ్లింది.

అసలు గొడవ ఒక కోడ్ రివ్యూలో, అంటే ఒకరు రాసిన ప్రోగ్రాంను ఇంకొకరు పరిశీలించే చోట, బయటపడింది. దానంతటదే నడవాల్సిన నెలాఖరు బ్యాచ్ జాబ్ రాత్రి రెండింటికి ఫెయిలైతే, ఖమ్మం అబ్బాయి ఎవరినీ లేపకుండా తెల్లవారే దాకా కూర్చుని సరిచేశాడు. పొద్దున్నే ఎడిసన్ అబ్బాయి ఆ మార్పులు చూసి ఇరవై ఏడు కామెంట్లు రాశాడు. వాటిలో తప్పుడు మాట ఒక్కటీ లేదు, అన్నీ న్యాయమైన అభ్యంతరాలే, కానీ రాత్రంతా మేలుకున్నవాడిని పలకరించిన మాట కూడా ఒక్కటి లేదు. ఇరవై ఏడింటికీ ఇరవై ఏడు సార్లు ‘ష్యూర్, విల్ డూ’ అని జవాబు వచ్చింది. ఆ జవాబే ఎడిసన్ అబ్బాయికి ఒళ్లు మండించింది. నా దగ్గరికి వచ్చి, “అతను ఎప్పుడూ నో అనడు, ఏదీ అడగడు, రాత్రిళ్లు చేసేస్తాడు. అతని వల్ల మేమంతా బద్ధకస్తుల్లా కనిపిస్తున్నాం” అన్నాడు. ఇంకో పూట ఖమ్మం అబ్బాయి, అడగ్గా అడగ్గా, “అతనికేం మేడం, ఉద్యోగం పోతే వాళ్ల ఇంటికి పోతడు” అన్నాడు.

నేను ఆ ఇద్దరికీ మనసులో ఎప్పుడో మార్కులు వేసేశాను. ఒకడు బుద్ధిమంతుడు, ఒకడు కాస్త పొగరుబోతు. ఆరేళ్లుగా టీము నడుపుతున్న మనిషి ఇంత తేలికగా తీర్పు చెప్పకూడదు, కానీ చెప్పాను. అది తప్పని చూపించింది మూడో అమ్మాయి. ఒకరోజు నాతో ఒంటరిగా మాట్లాడాలని అడిగి, లాప్‌టాప్ నావైపు తిప్పి, మూడు నెలల రాత్రి కాల్స్ లెక్క చూపించింది. మొత్తం పద్నాలుగు. వాటిలో పదకొండు ఖమ్మం అబ్బాయికి వెళ్లాయి. జాబితా ప్రకారం అతని వంతు వచ్చినవి నాలుగే. మిగిలిన ఏడూ నేను స్వయంగా, వంతు దాటించి, అతనికి పంపినవి. “మీకు తెలియక చేశారనే అనుకుంటున్నాను” అని ఆమె ఇంగ్లిషులో ఎంతో మర్యాదగా అంది. తెలియక అన్నది ఆమె పెద్ద మనసు. అతను కాదనడని నాకు బాగా తెలుసు.

ఎందుకు కాదనడో నాకు తెలిసినంతగా మా అంతస్తులో ఇంకెవరికీ తెలియదు. 1999లో మమ్మల్ని తీసుకొచ్చిన కన్సల్టెన్సీ, ఎనిమిది మందిని ఒక గెస్ట్‌హౌస్‌లో పెట్టి, ప్రాజెక్టు దొరికే వరకు బెంచి మీద జీతం లేకుండా ఉంచింది. దొరికిన మొదటి కోబాల్ ప్రాజెక్టులో నేను శనివారం రమ్మంటే శనివారం, ఆదివారం రమ్మంటే ఆదివారం వెళ్లాను. పచ్చకార్డు చేతికి వచ్చేసరికి తొమ్మిదేళ్లు గడిచాయి, తలూపడం అప్పటికి అలవాటైపోయింది. నాకు భయం వల్ల పట్టుబడిన ఆ అలవాటునే ఇంకొకరిలో చూసి మంచి నడవడిక అనుకున్నాను. ఆ భయం లేనివాడు సూటిగా మాట్లాడితే పొగరనుకున్నాను.

తరవాతి వారం నలుగురం ఒక గదిలో కూర్చున్నాం. నేను ముందుగా ఆ ఏడు రాత్రుల లెక్క చెప్పి తప్పు ఒప్పుకున్నాను. ఎడిసన్ అబ్బాయి ఖమ్మం అబ్బాయిని, నిజంగానే తెలుసుకోవాలని, “మీ అక్క పెళ్లికి ఎందుకు వెళ్లలేదు? లీవు ఇచ్చేవారు కదా” అని అడిగాడు. అతను లీవు గురించి కాదన్నాడు. ఓపీటీలో ఉండగా ఇండియాకు వెళ్తే తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్‌కు వెళ్లాల్సి రావచ్చని, అక్కడ ఆగిపోతే ఎమ్మెస్ కోసం చేసిన అప్పు తీర్చేది ఎవరని, అందుకే పెళ్లి ఫోనులో చూశానని తెలుగులోనే చెప్పాడు. ఎడిసన్ అబ్బాయికి సగం అర్థమైనట్టుంది. మిగిలిన సగం ఆ అమ్మాయి చెప్పింది. పన్నెండు నెలల ఓపీటీ, మనలాంటి కంప్యూటర్ చదువులకు దాని మీద ఇంకో 24 నెలలు, ఆ మూడేళ్లలోనూ కలిపి 150 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదని, ఏటా మార్చిలో హెచ్1 లాటరీ, 65,000 వీసాలకు తోడు ఇక్కడ మాస్టర్స్ చేసినవారికి ఇంకో 20,000 అని, మల్టిప్లికేషన్ టేబుల్ అప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది.

“నీకివన్నీ ఎలా తెలుసు?” అని ఎడిసన్ అబ్బాయి అడిగాడు.

తానూ ఆ వరసలోనే ఉన్నానని అప్పుడు చెప్పింది. ఆమె తండ్రి గ్రీన్‌కార్డు ఫైలు 2015 నాటిది. ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతమే అన్న పరిమితి వల్ల, ఆమెకు 21 నిండిన 2022 నాటికి ఆయన వంతు రాలేదు. హెచ్4 పిల్లలకు పని చేసే అనుమతి ఉండదు కాబట్టి స్నేహితులంతా వేసవిలో ఐస్‌క్రీమ్ దుకాణాల్లో సంపాదించుకుంటుంటే తను లైబ్రరీలో జీతం లేకుండా పుస్తకాలు సర్దింది. ఏజ్ అవుట్ అయ్యాక, అంటే 21 నిండి తండ్రి వెంట ఉండే హెచ్4 పోయాక, పన్నెండేళ్లుగా ఉంటున్న దేశంలో, నిన్న దిగిన విద్యార్థిలా ఎఫ్1 వీసాకు మారింది. ఆమె, ఎడిసన్ అబ్బాయి ఒకే హైస్కూల్లో రెండేళ్ల తేడాతో చదివారట. అతను చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తరవాత ఖమ్మం అబ్బాయి వైపు తిరిగి, ఇదంతా ముందే తెలిసి ఉన్నా ఆ ఇరవై ఏడు కామెంట్లు రాసేవాడినే, కానీ ముందు నీతో మాట్లాడేవాణ్ని అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది. కామెంట్లు వెనక్కి తీసుకుని ఉంటే నచ్చేది కాదు.

అప్పటి నుంచి రాత్రి కాల్స్ వారానికొకరివి. వంతు దాటించే అధికారం నేనే వదులుకున్నాను. పది కామెంట్లు దాటే రివ్యూ అయితే పక్కన కూర్చుని మాట్లాడి రాయాలని వాళ్లే పెట్టుకున్నారు. తన మొదటి వారంలో ఎడిసన్ అబ్బాయి రాత్రి మూడింటికి ఖమ్మం అబ్బాయికి ఫోను చేసి, నిద్రమత్తులో ఇద్దరూ నలభై నిమిషాలు పాత బ్యాచ్ జాబుల చరిత్ర తవ్వారట. పొద్దున్నే కళ్లు ఎర్రగా వచ్చి, “ఇది నువ్వు ఏడుసార్లు ఎక్స్‌ట్రా చేశావా?” అన్నాడు. ఇద్దరూ కలిసి నావైపు చూశారు. ఆ చూపు నాకు రావలసిందే.

2025 మార్చిలో లాటరీ రిజిస్ట్రేషన్ ఫీజు 10 డాలర్ల నుంచి 215కు పెరిగింది. కంపెనీ ఆ అమ్మాయికీ, ఖమ్మం అబ్బాయికీ కట్టింది. నెలాఖరుకు అమ్మాయి పిక్ అయింది, అబ్బాయి కాలేదు. అతనికి అది రెండోసారి. ఆ అమ్మాయి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. చివరికి ఎడిసన్ అబ్బాయే ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఏం మాట్లాడాలో తెలియక, వాళ్లమ్మ పంపిన చేగోడీల డబ్బా మధ్యలో పెట్టి వెళ్లిపోయాడట. నేను ఆ రోజు ఇంటి నుంచి పని చేస్తున్నాను. ఈ సంగతి తరవాత విన్నాను.

ఏప్రిల్ రెండో వారంలో, సోమవారం స్టాండప్ మీటింగులో, ఒక రిపోర్టు శుక్రవారానికి కావాలని పైనుంచి వచ్చిన మాట చెప్పి, అలవాటు కొద్దీ ఖమ్మం అబ్బాయి వైపు చూశాను. అతను తన స్క్రీన్ చూసి, లెక్క వేసుకుని, తల ఎత్తాడు.

“శుక్రవారానికి అవ్వదు మేడం. టెస్టింగ్‌కే రెండు రోజులు పడుతది. వచ్చే బుధవారం ఇస్త.”

నాకు చిన్న చురుకు తగిలిన మాట దాచను. పైవాళ్లకు ఏం చెప్పాలా అని ఒక నిమిషం ఆలోచించి, ప్లాన్‌లో తేదీ బుధవారానికి మార్చాను.