వినడం సగం, వివరం సగం: కౌన్సెలర్ శిక్షణలో నా ఏడాది

మా బడిలో పదో తరగతి పిల్లలను ఏం కావాలనుకుంటున్నారని అడిగితే వచ్చే జవాబులు అయిదారుకు మించవు. టీచరు, నర్సు, పోలీసు, సాఫ్ట్‌వేరు, కలెక్టరు. మొదటి మూడూ వాళ్లు కళ్లారా చూసినవి, చివరి రెండూ చెవిన పడినవి. మాది కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతం, ఆదోని వైపు. పత్తి తీతల కాలంలో తరగతి గది పలచబడుతుంది. ఆ తర్వాత చాలా కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి వలసకు, వెళతాయి. పెద్దవాళ్ల వెంట పిల్లలూ వెళతారు. పరీక్షల నాటికి కొందరు తిరిగి వస్తారు, కొందరు రారు. అలాంటి చోట జీవశాస్త్రం చెబుతూ, "పది తర్వాత ఏం చదవాలి మేడం?" అని అడిగిన పిల్లకు "బాగా చదువు, ఏదైనా చదవచ్చు" అని చెప్పడం రానురాను నాకే తృప్తినివ్వలేదు. ఆ అసంతృప్తే నన్ను ఈ శిక్షణ వైపు నడిపించింది.

ఎలా చేరాలి అని అడిగే తోటి ఉపాధ్యాయులు ఉన్నారు కాబట్టి ఆ వివరం ముందే చెబుతాను. నేను చేసింది ఎన్‌సీఈఆర్‌టీ వారి గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా. ఏడాది కోర్సు. మొదటి ఆరు నెలలు ఇంటి దగ్గరే చదువు, అసైన్‌మెంట్లు. తర్వాత మూడు నెలలు అధ్యయన కేంద్రంలో ఉండి ముఖాముఖి తరగతులు. చివరి మూడు నెలలు సొంత ఊరి ప్రాంతంలో ఇంటర్న్‌షిప్. డిగ్రీతో పాటు బీఈడీ వంటి ఉపాధ్యాయ శిక్షణ ఉన్నవాళ్లు దరఖాస్తు చేసుకోవచ్చు. సైకాలజీ చదివి ఉండాలన్న షరతు లేదు, నాకు ధైర్యమిచ్చింది అదే. మన రాష్ట్రం వాళ్లకు కేంద్రం మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ. సర్వీసులో ఉన్నవాళ్లు మూడు నెలల డిప్యుటేషన్ కోసం పై అధికారుల అనుమతి కాగితం ముందే కదిలించుకోవాలి. ఆ పని ఆలస్యమైతే మిగతాదంతా ఆలస్యమవుతుంది.

ఇంటి దగ్గర చదివిన ఆరు నెలలే నా మట్టుకు అన్నిటికన్నా కష్టం. పగలు బడి, సాయంత్రం వంట, మా అమ్మాయి హోంవర్కు, అవన్నీ అయ్యాక ఆంగ్లంలో ఉన్న మాడ్యూళ్లు. అయినా చదువుతున్న కొద్దీ మా బడే కళ్ల ముందు కదిలేది. ఈ రంగం చరిత్ర 1908లో బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ నెలకొల్పిన వృత్తి సలహా కేంద్రంతో మొదలవుతుంది. ఆయన కోరింది మూడు సంగతులు: మనిషి తనను తాను తెలుసుకోవాలి, లోకంలో ఏయే పనులున్నాయో తెలుసుకోవాలి, ఆ రెండింటినీ ఆలోచించి కలుపుకోవాలి. వందేళ్లు దాటిన ఈ మాట చదివినప్పుడు మా పిల్లల దగ్గర రెండోది దాదాపుగా లేదని నాకు స్పష్టంగా అర్థమైంది.

మనస్తత్వవేత్త డొనాల్డ్ సూపర్ వృత్తి జీవితాన్ని అయిదు దశలుగా చెప్పారు. అందులో పదిహేనేళ్ల వయసు నుంచి ఇరవై నాలుగు వరకు అన్వేషణ దశ. ఆ పేరా పక్కన పెన్సిలుతో "ఎవరికి?" అని రాసుకున్నాను. పత్తి చేనులో కూలికి వెళ్లి ఆ డబ్బు అమ్మ చేతిలో పెట్టే పిల్లకు అన్వేషించే తీరిక ఎవరిస్తారు? తర్వాత మైసూరులో ఇదే అడిగితే మా ఆచార్యులు ఈ ప్రశ్ననే ఇంటర్న్‌షిప్‌లో పట్టుకోమన్నారు. నాకు దొరికిన అతి పెద్ద సాయం అదేనని ఇప్పటికీ అనుకుంటాను.

గణాంకశాస్త్రమంటే చాలామంది వెనకడుగు వేస్తారు. వేయవద్దు. కౌన్సెలరుగా కూర్చున్నవాళ్లకు అది పిల్లలను కాపాడే విద్య. సంఖ్యా సామర్థ్య పరీక్షలో ఒక అబ్బాయి 60వ పర్సెంటైల్‌లో ఉన్నాడంటే వాడికి నూటికి అరవై మార్కులు వచ్చాయని అర్థం కాదు. పోల్చిన గుంపులో సుమారు అరవై శాతం మంది వాడి స్థాయిలోనో, దానికి దిగువనో ఉన్నారని అర్థం. మరి ఆ గుంపు ఎవరు? నగరాల్లో ఆంగ్ల మాధ్యమంలో చదివిన పిల్లల మీద తయారైన ప్రమాణాలతో ఆదోని పల్లెలో తెలుగులోనో కన్నడంలోనో పెరిగిన పిల్లవాడిని కొలిస్తే వచ్చే అంకె వాడి గురించి ఏం చెబుతుంది? అందుకే ఒక్క పరీక్ష ఫలితంతో ఏ నిర్ణయానికీ రాకూడదని మాకు పదే పదే చెప్పారు. మార్కులు, ఆసక్తులు, ఇంటి పరిస్థితి, ఉపాధ్యాయుల పరిశీలన, పిల్లవాడి సొంత మాట, అన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. పరీక్ష పెట్టి, కంప్యూటర్ ఇచ్చిన నివేదికను చేతిలో పెట్టి డబ్బు తీసుకునే పద్ధతి ఇప్పుడు పట్టణాల్లో పెరుగుతోంది. తల్లిదండ్రులు దాన్ని జాతకంలా నమ్ముతున్నారు. నాకు అది బాధ కలిగిస్తుంది.

జులైలో మైసూరు వెళ్లాను. మైసూరు విశ్వవిద్యాలయం ఉన్న మానసగంగోత్రిని ఆనుకుని ఉన్న పచ్చని ఆవరణ. కేరళ, తమిళనాడు, కర్ణాటక నుంచి వచ్చిన ఉపాధ్యాయులు సహపాఠులు. అక్కడ అసలు చదువు ముగ్గురేసి జట్లుగా జరిగింది. ఒకరు కౌన్సెలరు, ఒకరు క్లయింటు, మూడోవారు పరిశీలకులు. క్లయింటుగా కూర్చున్నవాళ్లు నటించకూడదు, తమ జీవితంలోని చిన్నదైనా నిజమైన సమస్యనే తేవాలి. విన్నది ఆ గది దాటకూడదు. పరిశీలకుల చేతిలో గడులు గీసిన కాగితం ఉంటుంది: అవునో కాదో అని మాత్రమే చెప్పించే ప్రశ్న, విడమరిచి చెప్పించే ప్రశ్న, ఎదుటివారి భావాన్ని తిరిగి చెప్పడం, సారాంశం చెప్పడం, మౌనం. ఏది జరిగితే ఆ గడిలో ఒక గీత.

నేను పరిశీలకురాలిగా ఉన్న ఒక సెషన్ గురించి, ఆ తల్లి అనుమతితోనే, చెబుతాను. ఆమె సైన్సు టీచరు. కొడుకు కామర్సు తీసుకుంటానంటున్నాడు. కౌన్సెలరుగా ఉన్న మాస్టారు "అందులో మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది ఏమిటి?" అని అడిగారు. ఆమె ఉద్యోగాల గురించి, వాడికి సైన్సులో వచ్చే మార్కుల గురించి చెప్పి ఆగిపోయారు. ఆయన ఏమీ అనలేదు. ఆమె నీళ్ల సీసా మూత తిప్పుతూ, బిగిస్తూ కూర్చున్నారు. నేను మౌనం గడిలో గీత గీశాను. చాలాసేపటికి ఆమె, "స్టాఫ్ రూములో వాళ్లకు ఏమని చెప్పను?" అన్నారు. సమస్య అక్కడుంది. ఆ మౌనానికి బదులు కామర్సుతో వచ్చే కోర్సుల పేర్లన్నీ ఆయన వల్లించి ఉంటే ఆమె మర్యాదగా తల ఊపి వెళ్లిపోయేవారు. వివరం సరైనదే అయినా ఎదుటి మనిషి సిద్ధపడక ముందు ఇస్తే లోపలికి వెళ్లదు. సహానుభూతి, షరతులు లేని ఆదరణ, నిజాయితీ అని మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ చెప్పిన మూడింటినీ నేను పుస్తకంలో చదివాను. అవి పనిచేయడం మాత్రం ఆ గదిలో చూశాను.

సెషన్లన్నీ ఆంగ్లంలోనే. రాత్రిళ్లు హాస్టల్లో తెలుగువాళ్లం కూర్చుని అవే సెషన్లు తెలుగులో మళ్లీ చేసేవాళ్లం. అలా చేయమని మైసూరు వెళ్లే ప్రతి ఒక్కరికీ చెబుతాను.

అక్టోబరులో ఇంటర్న్‌షిప్ మొదలయ్యేసరికి ఇక్కడ పత్తి తీతలు. చదువులు, ఉద్యోగాల గురించి తరగతి మొత్తానికి చెప్పే క్లాస్ టాక్ పెడదామంటే పిల్లలు లేరు. కాబట్టి ముందు రెండో సగం పని పట్టుకున్నాను: వివరం సేకరించడం. ఒక లావుపాటి నోటుపుస్తకం తీసుకుని ఆదోని ప్రభుత్వ పాలిటెక్నిక్, ఐటీఐలు, జూనియర్ కాలేజీలు తిరిగాను. కోర్సు పేరు, అర్హత, ఎన్నేళ్లు వంటివి ఎక్కడైనా దొరుకుతాయి. మా వాళ్లకు కావలసినవి వేరు. అమ్మాయిలకు హాస్టల్ ఉందా? ఆఖరి బస్సు ఎన్ని గంటలకు? రికార్డులకు, యూనిఫాంకు విడిగా ఎంతవుతుంది? సీటు కోసం ఏ నెలలో దరఖాస్తు చేయాలి, దానికి కులధ్రువీకరణ పత్రం ఎప్పుడు తీసుకోవాలి? ఈ సంగతులు ఏ మాడ్యూల్లోనూ ఉండవు, ఉండాలని ఆశించడం కూడా న్యాయం కాదు. ప్రతి ఊరి కౌన్సెలరూ తన ఊరి మేరకు కాళ్లరిగేలా తిరిగి రాసుకోవలసిందే. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాస్తే ఏం వస్తుంది, పదో తరగతి మార్కులతో ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో ఆరేళ్ల కోర్సులో ఎలా చేరతారు, వ్యవసాయ విశ్వవిద్యాలయం నడిపే రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా ఏమిటి, ఇవన్నీ చార్టుల మీద రాసి సైన్సు ల్యాబు పక్క గోడకు కెరీర్ కార్నర్ ఏర్పాటు చేశాను.

కెరీర్ టాక్ కోసం దూరం నుంచి ఎవరినీ పిలవలేదు. గ్రామ సచివాలయం బడికి ఎదురుగానే ఉంది. వ్యవసాయ సహాయకురాలు, ఇంజినీరింగ్ సహాయకుడు, సర్వేయరు వచ్చారు. పిల్లలు రోజూ చూసే మనుషులే, వాళ్లు ఏం చదివి అక్కడ కూర్చున్నారో మాత్రం ఎవరూ అడగలేదు. సర్వేయరు తాను ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేశానని చెప్పి, పొలం పటం ఒకటి బల్ల మీద పరిచి స్కేలుతో కొలిచి చూపించారు. వెనక బెంచీ అబ్బాయిలు లేచి వచ్చి బల్ల చుట్టూ మూగారు. గణితం పీరియడ్‌లో వాళ్లను అలా నేనెప్పుడూ చూడలేదు.

వ్యక్తిగత కౌన్సెలింగ్ కేసుల్లో ఒకటి, గుర్తు పట్టే వివరాలు మార్చి రాస్తున్నాను. పదో తరగతి అమ్మాయి, చురుకైనది, నర్సు కావాలంది. నా నోటుపుస్తకంలో నర్సింగ్ పేజీ సిద్ధంగా ఉంది. తెరవలేదు. నర్సు పని ఎక్కడ చూశావు అని అడిగాను. నానమ్మకు తోడుగా కర్నూలు పెద్దాసుపత్రిలో ఉన్నప్పుడట. ఏం చూశావో చెప్పమంటే ఆమె వార్డు గురించి చెప్పలేదు. రక్తం తీసిన చిన్న గాజు గొట్టాల గురించి చెప్పింది. వాటి మూతలు ఒక్కో రంగులో ఉన్నాయని, వాటిని పట్టుకుని కిటికీ దాకా వెళ్లి లోపలికి తొంగి చూశానని, అంత కొంచెం రక్తంతో లోపల ఏం తప్పుగా ఉందో వాళ్లకు ఎలా తెలుస్తుందని నన్నే అడిగింది. "రోగుల దగ్గర ఉండటం ఇష్టమా, ఆ గొట్టాల దగ్గరా?" అంటే నవ్వి, "గొట్టాల దగ్గరే టీచర్" అంది. ఆ పనికి వేరే చదువు ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అప్పుడు పేజీ తిప్పాను. ఇంటర్మీడియట్ ఒకేషనల్‌లో మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ఉంది. లేదంటే బైపీసీ చదివి ఆ తర్వాత డిప్లొమా గాని బీఎస్సీ గాని చేయవచ్చు. రెండు దారుల్లోని లాభనష్టాలు ఇద్దరం కలిసి రాశాం. ఒకేషనల్ నుంచి పై చదువులకు వెళ్లాలంటే బ్రిడ్జి కోర్సు పరీక్షలు రాయాలన్నది కూడా దాచకుండా చెప్పాను.

మా దగ్గర పిల్లతో మాట్లాడటంతో పని పూర్తికాదు. నిర్ణయం ఇంటిది. పాశ్చాత్య పాఠాల్లో ఈ భాగం పలచగా ఉంటుంది. తండ్రి పత్తి తీత ముగించుకుని సాయంత్రం వచ్చాడు. "చెప్పన్నా, నీ మనసులో ఏముంది?" అని ఊరుకున్నాను. పెళ్లి మాట రాలేదు, చదువు వద్దనీ అనలేదు. "మేడం, మధ్యలో మానేయాల్సి వస్తే కట్టిన డబ్బు తిరిగిస్తారా?" అన్నాడు. ఒక ఏడాది వాన తప్పితే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. నా నోటుపుస్తకంలో దానికి జవాబు లేదు. కాలేజీకి వెళ్లి అడిగి, ఫీజు రాయితీ నియమాలతో సహా రాసుకుని వచ్చి చెప్పాను. ఆ రోజు నుంచి ప్రతి కోర్సు పేజీలో ఈ ప్రశ్నకు ఒక వరుస పెట్టాను. సుగ్గికి వెళ్లినప్పుడు అమ్మాయిని నానమ్మ దగ్గరే ఉంచి వెళ్లారు. పదో తరగతి రాసి, బైపీసీలో చేరింది.

శిక్షణలో మరొక గట్టి భాగం మన హద్దులు తెలుసుకోవడం. విన్నది రహస్యంగా ఉంచుతామని మాట ఇచ్చేటప్పుడే, ప్రాణాపాయం ఉన్నా, ఎవరైనా హాని చేస్తున్నా చెప్పక తప్పదని పిల్లకు ముందే చెప్పాలి. లైంగిక వేధింపు తెలిసినప్పుడు ఫిర్యాదు చేయడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం మన బాధ్యత. బాల్యవివాహం మాట చెవిన పడితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పాలి. తీవ్రమైన కుంగుబాటు కనిపిస్తే మనం వైద్యులం కాము, ఆసుపత్రికి పంపాలి, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు ఇవ్వాలి. ఈ నంబర్లు కెరీర్ కార్నర్‌లో అన్నిటికంటే పైన రాశాను.

డిసెంబరులో నివేదికలు సమర్పించాను, మౌఖిక పరీక్ష అయింది, డిప్లొమా చేతికొచ్చింది. 2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ మరణించిన అమ్మాయి కేసులో తీర్పు ఇస్తూ, వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హత గల కౌన్సెలరు ఉండాలని ఆదేశించింది. ఆ ఆదేశం మా పల్లె బడుల దాకా రావాలి. కొత్త పోస్టులు వచ్చేదాకా ఆగనక్కర లేదు. శిక్షణ పొందిన ఉపాధ్యాయులకు వారంలో కొన్ని పీరియడ్లు టైంటేబుల్లో రాసి ఇస్తే పని మొదలవుతుంది. మా ప్రధానోపాధ్యాయులు అలా ఇచ్చారు. ఇప్పుడు తొమ్మిదో తరగతి నుంచే, పత్తి చేలు పిల్లలను పిలవక ముందే, ఆగస్టులో క్లాస్ టాక్‌లు ముగిస్తున్నాను. తల్లిదండ్రుల సమావేశం పనులు లేని అమావాస్య రోజున పెడుతున్నాం. తండ్రులు కూడా వస్తున్నారు.