మ్యాచ్ రోజు మాత్రమే ఆగే రైలు

మా ఊళ్ళో ఫుట్‌బాల్ స్టేడియం పక్కనే ఒక రైల్వే స్టేషన్ ఉంది. మ్యాచ్ ఉన్న రోజే అక్కడ రైలు ఆగుతుంది. మిగతా రోజుల్లో ప్లాట్‌ఫాం ఖాళీగా ఉంటుంది, రైలు దాటిపోతుంది. మా ఊరంటే జపాన్‌లోని కాషిమా. గాజువాక నుంచి వచ్చి ఇక్కడ ఆరేళ్ళయింది కాబట్టి మా ఊరనే అంటున్నాను. ఒక పక్క పసిఫిక్ సముద్రం, ఇంకో పక్క పెద్ద ఉక్కు ఫ్యాక్టరీ. స్టీల్ ప్లాంట్ పొగగొట్టాలు చూస్తూ పెరిగినవాణ్ణి, దిగిన రోజే ఈ ఊరు తెలిసిన ఊరిలా అనిపించింది. ఫ్యాక్టరీలకు మరమ్మతులు చేసే చిన్న కంపెనీలో నేను పైపు ఫిట్టర్ని.

ఆ స్టేడియం బయట ఫుట్‌బాల్ ఆటగాడు జీకో విగ్రహం ఉంది. ఉక్కు పని చేసుకునే ఈ చిన్న ఊళ్ళో ఒక బ్రెజిల్ మనిషికి విగ్రహం ఎందుకు పెట్టారో తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

మొదటి ఏడాది నాది ఒకటే జబ్బు. ఏం చెప్పినా 'హాయ్' అనేవాణ్ణి. జపనీస్‌లో హాయ్ అంటే అవును, సరే అని. అర్థమైనా హాయ్, కాకపోయినా హాయ్. ఒకరోజు మా షిఫ్టు పెద్దాయన ఫ్లాంజి, అంటే రెండు పైపుల్ని కలిపే గుండ్రటి అంచు, దాని బోల్టులు ఏ వరసలో బిగించాలో చెప్పాడు. ఒకటి బిగించాక దాని ఎదురుది, మళ్ళీ పక్కది, దాని ఎదురుది. నేను హాయ్ అని, గుండ్రంగా ఒకదాని పక్కన ఒకటి బిగించుకుంటూ పోయాను. నీళ్ళు కారకుండా మధ్యలో పెట్టే గ్యాస్కెట్ ఒక పక్కకి నలిగింది. నీళ్ళ టెస్టు పెట్టగానే చుక్క చుక్కగా కారడం మొదలైంది. ఆయన అందరి ముందూ గట్టిగా తిట్టాడు. మొత్తం విప్పించి, పక్కనే నిలబడి, రాత్రి పదింటిదాకా మళ్ళీ చేయించాడు.

తిరుగు దారిలో కారులో ఉన్నట్టుండి జీకో సంగతి ఎత్తాడు. "మమ్మల్ని కూడా ఒకాయన అలాగే తిట్టాడు," అన్నాడు. 'మమ్మల్ని' అంటే ఊరి జట్టుని. ఇక్కడ అందరూ అలాగే అంటారు.

1991లో వచ్చేసరికి జీకోకి 38 ఏళ్ళు. మూడు ప్రపంచకప్‌లు ఆడేశాడు. ఆట మానేసి, బ్రెజిల్ ప్రభుత్వంలో క్రీడల బాధ్యత కూడా చూశాడు. 1981లో బ్రెజిల్ క్లబ్బు ఫ్లెమెంగో జట్టుతో టోక్యో వచ్చి ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్‌ని 3-0తో ఓడించినవాడు కాబట్టి జపాన్‌లో ఆయన పేరు అందరికీ తెలుసు. అంతటి మనిషి చేరింది ఈ ఊళ్ళోని సుమితోమో మెటల్ ఉక్కు కంపెనీ జట్టులో. అది రెండో డివిజన్. ఆటగాళ్ళు చాలామంది ఉద్యోగం చేసుకుంటూ ఆడేవాళ్ళే. అప్పుడే జపాన్ ప్రొఫెషనల్ లీగు పెట్టబోతోంది. పైకప్పున్న 15,000 సీట్ల స్టేడియం కడితే తప్ప కాషిమాకు చోటు లేదన్నారు, కట్టలేరులే అన్న ధీమాతో. కట్టారు. ఊరి పేరులోని జింక నుంచే జట్టు ఆంట్లర్స్ అయింది, అంటే జింక కొమ్ములు.

జీకో ఆ రెండో డివిజన్ సీజన్లో 21 గోల్స్ కొట్టాడు. కానీ మా పెద్దాయన చెప్పేది గోల్స్ గురించి కాదు. లీగు మొదలయ్యే ముందు ఇటలీ శిబిరంలో క్రొయేషియా చేతిలో 8-1తో ఓడారు. ప్రాక్టీసు మ్యాచే కదా అని జీకో ఊరుకోలేదు, మండిపడ్డాడు. కొన్ని నెలలకే, 1993 మే 16న, కొత్త లీగులో తొలి మ్యాచ్‌లో నగోయా మీద 5-0తో గెలిచారు. నలభై ఏళ్ళ జీకోవి మూడు గోల్స్.

పరాయి దేశంలో పనిచేసేవాడు సాధారణంగా నోరు మూసుకుంటాడు. మనకెందుకు, నాలుగు రాళ్ళు సంపాదించుకుని పోదాం అనుకుంటాడు. నేనూ అలాగే ఉన్నాను. జీకో అలా కాదు. కోప్పడ్డాడంటే ఆ పని తనది అనుకున్నట్టే. ఆ కోపం హద్దు దాటిన రోజూ ఉంది. 1994 జనవరిలో టైటిల్ పోరులో, ఎదుటి జట్టుకి పెనాల్టీ ఇచ్చారని బంతి మీద ఉమ్మేసి మైదానం నుంచి గెంటించుకున్నాడు. అది తప్పే. ఊరు మాత్రం ఆయన్ని వదులుకోలేదు.

కోచ్ అయ్యాక మనిషి మారాడు. 2002లో జపాన్ జట్టు పగ్గాలు పట్టాక, ఆటగాళ్ళను సొంతంగా ఆలోచించి ఆడమన్నాడు. 2004లో బీజింగ్‌లో చైనాని 3-1తో ఓడించి ఆసియా కప్ తెచ్చాడు. 2006 ప్రపంచకప్‌లో ఆస్ట్రేలియా మీద 84వ నిమిషం దాకా ముందుండి 3-1తో ఓడారు. ఆ స్వేచ్ఛే ముంచిందని విమర్శించారు. నాకలా అనిపించదు. పిల్లలు పెద్దవాళ్ళయ్యారని నమ్మాడంతే.

తర్వాతి మ్యాచ్ క్రొయేషియాతో డ్రా. ఆఖరిది బ్రెజిల్‌తో. అప్పుడు నేను ఇంటర్. అర్ధరాత్రి పన్నెండున్నరకి, నాన్న లేస్తాడని సౌండ్ తగ్గించి చూశాను. ముందు గోల్ కొట్టింది జపానే, తమాదా. చివరికి 4-1తో బ్రెజిల్ గెలిచింది. పుట్టిన దేశానికి ఎదురుగా, పనిచేసే దేశం బెంచీ దగ్గర నిలబడ్డ జీకో ముఖం ఆ రోజు నాకు అర్థం కాలేదు.

తర్వాత ఆయన తిరగని చోటు లేదు. ఫెనెర్‌బాచేకి టర్కీ టైటిల్, ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్ ఇచ్చాడు. తాష్కెంట్‌లో టైటిల్, మాస్కోలో కప్పు గెలిచినా ఏడాది నిలవలేదు. గ్రీసులో నాలుగు నెలలకే పంపేశారు. ఇరాక్ జట్టుని 2012లో వదిలేశాడు, ఒప్పందం ప్రకారం నడవట్లేదని. ఆ మాట గల్ఫ్‌లో పనిచేసిన మనవాళ్ళకి వివరించక్కర్లేదు. 2014లో గోవా జట్టుకి కోచ్‌గా వచ్చాడు. 2015 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫైనల్లో చివరి నిమిషాల్లో ఆధిక్యం పోయి, చెన్నై జట్టు చెన్నయిన్ చేతిలో 3-2తో ఓటమి. 2018లో మళ్ళీ కాషిమా పిలిచింది, టెక్నికల్ డైరెక్టర్‌గా. ఆ ఏడాదే జట్టు తొలిసారి ఆసియా ఛాంపియన్స్ లీగ్ గెలిచింది.

మ్యాచ్ రోజున స్టేడియంలో మోత్సునీ అమ్ముతారు. పంది పేగులు, ముల్లంగి వేసి మిసోలో, అంటే పులియబెట్టిన సోయా ముద్దలో, ఉడికించిన పులుసు. మా బోటీ కూర లాంటిదే, కారం మాత్రం లేదు. నేను జేబులో గుంటూరు కారం పొట్లం పెట్టుకెళ్తాను. ఇప్పుడు పెద్దాయన కూడా గిన్నె ముందుకి జరుపుతున్నాడు, చిటికెడు వెయ్యమని.

మొన్న వియత్నాం నుంచి ఒక కుర్రాడు మా షిఫ్టులో చేరాడు. బోల్టుల వరస చెప్పాను. హాయ్ అన్నాడు. "ఏం అర్థమైందో నువ్వు చెప్పు," అన్నాను. తల దించుకున్నాడు. స్పానర్ వాడి చేతికిచ్చి, ఒకటి, దాని ఎదురుది, మొదటి నుంచి చూపించాను. శనివారం మ్యాచ్ ఉంది. వాడికీ ఒక టికెట్ తీశాను.