సెబెన్ వచ్చేదాకా ఆగండి

కాంగో పాటలు ఎవరికి వినిపించినా రెండు నిమిషాలకే "బాగుంది గానీ అంతా ఒకేలా ఉందే" అనేస్తారు. వాళ్లనేం అనను, నేనూ మొదట్లో అలాగే అన్నాను. అసలు సంగతి ఐదో నిమిషంలోనో ఆరో నిమిషంలోనో మొదలవుతుందని అప్పట్లో నాకు తెలీదు మరి.

అక్కడ పాటంటే రెండు భాగాలు. ముందు నింపాదిగా రుంబా (క్యూబా నుంచి వచ్చిన డాన్స్ సంగీతం) నడక, లింగాల భాషలో ఓ ప్రేమకథో ఇంటి గొడవో, మధ్యమధ్యలో కోరస్. తర్వాత గొంతులు వెనక్కి తగ్గుతాయి, డ్రమ్స్ ఊపందుకుంటాయి, గిటార్లు ఓ చిన్న ముక్కని పట్టుకుని తిప్పి తిప్పి వాయిస్తూనే ఉంటాయి. దీన్నే సెబెన్ అంటారు. డాన్స్ చేసేవాళ్లు కాచుకుని ఉండేది దీనికోసమే.

సెబెన్‌లో గిటార్లు సాధారణంగా మూడు. కింద కార్డులతో (అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మీటుతూ) తాళం పట్టేది రిథమ్, పైన మెరిసేది సోలో, రెండింటి మధ్యా ఆగకుండా అల్లుకుపోయేది మి-సోలో. అందరూ సోలో గురించే మాట్లాడతారు గానీ నాకు పిచ్చి పట్టించింది ఆ మధ్య గిటారే. దాని కోసం మి-కంపోజే అనే ఓ ట్యూనింగ్ వాడతారు, అంటే నాలుగో తీగ తీసేసి దాని స్థానంలో మొదటి తీగంత సన్నది వేసి, అదే స్వరాన్ని ఒక స్థాయి పైన పలికిస్తారు. నేనూ అలాగే మార్చి చూశాను. ఆ తీగ మీటగానే గిటార్‌లోంచి చిరుగంటల్లాంటి చప్పుడు వచ్చింది! ఆ తర్వాత రెండు బార్లు (తాళం రెండు చుట్లు) వాయించేసరికి వేళ్లు ఎక్కడున్నాయో నాకే అర్థం కాలేదు, అది వేరే విషయం. వాయించేది మూడు కార్డులే, అయినా చేతికి రాదు. చెయ్యి ఎక్కడా ఆగకూడదు, అలాగని తొందరపడనూ కూడదు.

ఇక ఈ సంగీతంలో పెద్ద గిటారిస్ట్ ఫ్రాంకో. అసలు పేరు ఫ్రాంస్వా లువాంబో మకియాది, పుట్టింది 1938లో. వాళ్లమ్మ లియోపోల్డ్‌విల్ (ఇప్పటి కిన్షాసా) సంతలో డోనట్లు అమ్ముతుంటే, ఈ పిల్లాడు పక్కన కూర్చుని డబ్బాకి తీగలు బిగించిన గిటార్ వాయించి జనాన్ని పోగేసేవాడట. 1956లో ఆయన బ్యాండ్ ఓకే జాజ్ మొదలైంది. 'ఓకే' అంటే ఏదో గొప్ప అర్థం ఉంటుందనుకున్నాను, తీరా చూస్తే వాళ్లు వాయించిన ఓకే బార్ పేరు. "ఓకేగా లోపలికొస్తారు, నాకౌటై బయటికెళ్తారు" అన్నది వాళ్ల నినాదం. ఫ్రాంకో బొటనవేలూ చూపుడువేలూ కలిపి రెండేసి తీగలు ఒకేసారి లాగుతాడు, అందుకే ఆ వాయింపులో మొరటుదనం ఉంటుంది. నాకు కావలసింది కూడా అదే. 1978లో అసభ్యమైన పాటలు పాడాడని జైల్లో పెట్టారు. అదే మనిషి 1989లో చనిపోతే దేశాధ్యక్షుడు మొబుటు నాలుగు రోజుల జాతీయ సంతాపం ప్రకటించాడు!

ఇంకో గిటారిస్ట్ డాక్టర్ నికో వాయింపు ఫ్రాంకోది కాదు, పూర్తిగా వేరు. అసలు పేరు నికోలా కసాండా. ఒక్కో స్వరం నీళ్ల మీద జారుతున్నట్టు ఉంటుంది. 1960 జనవరిలో బ్రస్సెల్స్‌లో కాంగో స్వాతంత్ర్యం మీద చర్చలు జరుగుతుంటే గాయకుడు గ్రాండ్ కాలే బృందం అక్కడికి వెళ్లి 'ఇండిపెండెన్స్ చా చా' పాడింది, అందులో గిటార్ నికోదే. ఫ్రాంకోనా నికోనా అని అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటారు. నేను ఫ్రాంకో పక్షం, కానీ రాత్రి పడుకునే ముందు మాత్రం నికోనే పెట్టుకుంటాను.

1969లో వచ్చిన జైకో లంగా లంగా అనే బ్యాండ్ కుర్రాళ్లు ట్రంపెట్లూ సాక్సోఫోన్లూ తీసేసి, బరువంతా గిటార్ల మీదా డ్రమ్స్ మీదా వేశారు. తర్వాత వాళ్ల బ్యాండ్‌లోనే అటలాకులు వచ్చారు, అంటే సెబెన్ నడుస్తుంటే అరుస్తూ ఉసిగొల్పే మనుషులు. వాళ్ల చేతిలో గలగలలాడేది చాలాసార్లు పురుగుల మందు స్ప్రే డబ్బానే. ఇంకో అడుగు ముందుకేస్తే ప్యారిస్‌లో గాయకుడు కాండా బొంగో మాన్, ఆయన పక్కన గిటార్ మీద డిబ్లో డిబాలా. వీళ్లు నింపాది భాగాన్ని బాగా కత్తిరించేసి నేరుగా సెబెన్‌లోకి దూకేవారు. డిబ్లోని మెషిన్ గన్ అన్నారంటే అన్నారు మరి. సరదాగానే ఉంటుంది, కానీ ఎదురుచూపు లేని సెబెన్ నాకు ఎందుకో సగమే ఎక్కుతుంది.

కొత్తగా వినేవాళ్లు ఫ్రాంకో 1985 పాట 'మారియో'తో మొదలెట్టండి. పెద్దావిడ డబ్బుతో బతికే ఓ కుర్రాడి కథ, పాట చాలా పొడుగు, ముందుకు జరపకండి. నేనైతే దాన్ని పెట్టుకునే మి-సోలో ప్రాక్టీస్ చేస్తున్నాను, నిన్నటికి నాలుగు బార్లు దాకా వచ్చాయి. నాలుగో తీగ మాత్రం మళ్లీ మార్చలేదు.